పుట్టినరోజు వారం, పోయినాయన చొక్కాలు

నేను బొంతలు కుడతాను. ఈ మాట చెప్పగానే కొంతమంది జాలిగా చూస్తారు, పెన్షన్ చాలడం లేదేమోనని. చాలుతోంది లెండి. ముప్పై ఏడేళ్ళు డిఫెన్స్ ఎకౌంట్స్‌లో బిల్లులు సరిచూస్తూ ఊళ్ళు తిరిగిన నాకు దారిలో అంటుకున్న సరదా ఇది. పుణెలో పక్క క్వార్టరు మరాఠీ వదినగారు గోధడి కుట్టేది. కలకత్తాలో కాంథా చూశాను. మెత్తబడిపోయిన పాత చీరలు పొరలుగా పరిచి, ఆ చీర అంచుల్లోంచి లాగిన దారంతోనే కుట్టేవారట పాతకాలంలో. బీహారులో సుజని, సింధులో రల్లీ. కర్ణాటకలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది మరీ చిత్రం. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడుమకి వస్తారు. మన అమ్మమ్మలది అతుకుల బొంత. పేర్లు ఎన్నయినా అన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే, వాడుకున్న గుడ్డని పారెయ్యబుద్ధి కాకపోవడం.

ఈ నవంబరులో నాకు 66 నిండాయి. ఆ వారం జరిగిన సంగతులు రాద్దామని కూర్చున్నాను. కేకు గురించి కాదు, కంగారు పడకండి.

సోమవారం జీవన ప్రమాణ పత్రం పని. నవంబరు వచ్చిందంటే మాలాంటి పెన్షనర్లు బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. ఒకప్పుడు బ్యాంకుకి వెళ్ళి, లైన్లో నిలబడి, ఆఫీసరు ఎదుట సంతకం పెట్టేవాళ్ళం. 2014లో డిజిటల్ పద్ధతి వచ్చింది, వేలిముద్రతో. 2021 నుంచి ఫోనులో మొహం చూపిస్తే చాలు. వయసు మీదపడ్డాక వేలి గీతలు అరిగిపోయి మిషను గుర్తుపట్టక తిప్పలుపడే వాళ్ళకి ఇది నిజంగా మేలు. ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడుతున్నా సరే, "కాగితం ఏదీ?" అనే ప్రభుత్వాన్ని చూసి అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ పట్టింపు బాగానే ఉంటుంది. ఓచరు లేని ఖర్చు పాస్ చెయ్యని శాఖలో బతికినదాన్ని కదా. ఇదే పట్టింపు విభూతి రాల్చే బాబాల దగ్గర కూడా జనం చూపిస్తే మన సంఘానికి సగం పని తగ్గేది.

అన్నట్టు, నాది అసలు పుట్టినరోజే. మా తరంలో ఇది చెప్పుకోదగ్గ సంగతి. సర్వీసు పుస్తకాలు తిరగేస్తుంటే జూలై 1న పుట్టినవాళ్ళు కుప్పలుగా కనిపించేవారు. దేశంలో ప్రసవాలన్నీ ఆ రోజే జరిగాయని కాదు. బడిలో చేర్చిన పంతులుగారు తన వీలునిబట్టి రాసుకున్న తేదీ అది. దాని ఫలితం తమాషాగా ఉండేది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 60 నిండిన నెల ఆఖరి రోజున రిటైరవుతాడు, కానీ 1వ తారీఖున పుట్టినవాడు అంతకుముందు నెల ఆఖరునే ఇంటికి పోవాలి. పంతులుగారు 1 బదులు 2 వేసి ఉంటే ఇంకో నెల జీతం వచ్చేది. ఇలాంటి తేదీలతో జాతకాలు రాయించుకుని, అచ్చు గుద్దినట్టు సరిపోయాయని మురిసిపోయిన సహోద్యోగులు నాకు తెలుసు.

మంగళవారం జనరల్ బజారుకి వెళ్ళాను, దారం రీళ్ళకీ సూదులకీ. కొట్టాయన అలవాటుగా, "అమ్మా, ఇవాళ కత్తెర పెట్టకండి, రేపు కోసుకోండి" అన్నాడు. తిరిగొచ్చేసరికి ఆడపడుచు ఫోను, తిథి ప్రకారం నా పుట్టినరోజు ఎప్పుడని. నేను లెక్క చెప్పాను. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి తిథి ఏటా పదకొండు రోజులు వెనక్కి పోతుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకొస్తుంది. పంతొమ్మిదేళ్ళకోసారి రెండూ ఇంచుమించు కలుస్తాయి. అంటే 19, 38, 57 వయసుల్లో కలిశాయి, మళ్ళీ 76కి. "అప్పటిదాకా ఉంటే రెండూ కలిపి చేసుకుందాం వదినా" అంటే ఫోను పెట్టేసింది.

బుధవారం అసలు కథ మొదలైంది. నాతోపాటు పనిచేసి నాకన్నా రెండేళ్ళ ముందు రిటైరైన అక్కయ్య ఒకావిడ ఉంది. పేరు వద్దు. రెండు సంచులు మోసుకుంటూ వచ్చింది. కిందటేడు గుండెపోటుతో పోయిన బావగారి చొక్కాలు, మొత్తం పదకొండు. కూతురికి ఏడో నెల. "పుట్టబోయే పిల్లకి తాతగారి చొక్కాలతో బొంత కుట్టి ఇవ్వవే. ఇంకెవరూ వీటిమీద కత్తెర పెట్టరు. నీకయితే భయాలు లేవు కదా" అంది.

భయం పెట్టింది ఎవరంటే ఆవిడ మరిది. చనిపోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదు, పసిపిల్లకి అసలే కూడదు, పుట్టకముందు ఏదీ సిద్ధం చెయ్యకూడదు అని మూడు అబ్జెక్షన్లు రాశాడు. ఆడిట్‌లో అయితే ఒక్కో అబ్జెక్షన్‌కీ ఏ రూలు ప్రకారమో చూపించాలి. ఇక్కడ ఆ బాధ లేదు.

ఆయన చెడ్డవాడు కాదు. అన్నగారు పోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. నేత్రదానానికి మొదట ఒప్పుకోకపోయినా అక్కయ్య గట్టిగా నిలబడితే తనే ఫోను చేశాడు. ఆరు గంటల్లోపు కార్నియాలు తీసుకోవాలి. వాళ్ళు వచ్చేదాకా కళ్ళు మూసి, ఫాను ఆపి, రెప్పలమీద తడి దూది పెట్టి కూర్చున్నది కూడా ఆయనే. ఆ కార్నియాలు ఇద్దరికి అమర్చారని తరవాత ఉత్తరం వచ్చింది. నేను అక్కయ్యతో అన్నది ఒక్కటే మాట. "బావగారి కంటిపొర ఎవరి కంట్లోనో ఉండి లోకాన్ని చూపిస్తోంది. అది శుభమే అయినప్పుడు చొక్కా అశుభం ఎట్లా అవుతుంది?" ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక చొక్కా తీసి పక్కన పెట్టుకుంది. ఆఖరిసారి విప్పిన చొక్కా, ఉతకలేదట. "దీనికి ఇంకా వాసన ఉంది, ఇది ఇవ్వను" అంది. ఇవ్వొద్దన్నాను. హేతువాదులకి ముక్కు ఉండదని ఎవరైనా అనుకుంటే చెప్పలేను గానీ, మా అమ్మ చీర ఒకటి నా బీరువాలో పాతికేళ్ళుగా అట్లాగే ఉంది.

ఇక్కడ మనవాళ్ళతో ఒక మాట. ఇలాంటి ఆచారం వినగానే మనలో కొందరు గబుక్కున ఒక శాస్త్రీయ కారణం అల్లేస్తారు. మశూచి కాలంలో రోగి బట్టలు తగలబెట్టేవారు, అందుకే ఈ నియమం వచ్చింది అని. మశూచి రోగి వాడిన దుప్పట్లూ బట్టల ద్వారా జబ్బు సోకేమాట నిజమే. కానీ ఈ ఆచారం అందులోంచే వచ్చిందనడానికి ఆధారం ఏదీ? జబ్బు భయమే కారణమైతే జబ్బుతో పోయినవాళ్ళ బట్టలకే నియమం ఉండాలి, అందరికీ కాదు. పైగా మనదేశంలో మశూచి ఆఖరి కేసు 1975లో. ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. కారణం పోయాక నియమం కూడా పోవాలి కదా? దీపాలు పెట్టాక సూది పట్టకూడదన్నదీ అంతే. వెలుతురు చాలక అన్నారేమో. అయితే ఎల్‌ఇడి బల్బు వచ్చిన రోజున ఆ మాట ఆగిపోవాలి. ఆగలేదు. పూర్వులు చెప్పినదానికల్లా సైన్సు అతికించడం కూడా ఒక అతుకుల బొంతే, కాకపోతే చలి ఆపదు.

గురువారం చొక్కాలు విడదీశాను. పదిలో ఏడు నూలువి, మూడు టెర్రీకాటన్. టెర్రీకాటన్ చేతికుట్టుకి లొంగదు, పీల్చుకోదు, అవి తిరిగి ఇచ్చేశాను. ఏడింటినీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేశాను. శుక్రవారం కత్తెర పెట్టాను (ఇది కూడా కూడదట). ఒక్కో చొక్కాకి ఏడు చదరాలు, ఏడంగుళాలవి. చుట్టూ అరంగుళం కుట్టుకి పోతే ఆరంగుళాలు మిగులుతుంది. ఏడేళ్ళు నలభైతొమ్మిది, నలభైరెండు అంగుళాల చదరపు బొంత. లోపల అక్కయ్యవే రెండు పాత నూలు చీరలు, మడతలు పెట్టి టాకాలు వేశాను. ఒక జేబుమీద సిరా మరక ఉంది, ఎకౌంట్స్ వాళ్ళాయన కదా. దాన్ని సరిగ్గా నడుమ వచ్చేట్టు పెట్టాను.

శనివారం పుట్టినరోజు. మా కుట్టు స్నేహితులు, ఆడపడుచు, అక్కయ్య, అందరం కలిసి తొమ్మిదిమందిమి భోజనాలకి కూర్చున్నాం. పులిహోర, గుత్తివంకాయ, సేమ్యా పాయసం. బెంగాలీ దీదీ రసగుల్లాలు తెచ్చింది. అప్పుడే అక్కయ్య కూతురు వీడియోలో పలకరించి, "పిన్నీ, ఉయ్యాల్లో పడుకోబెట్టి నాన్న బొంతే కప్పుతాం" అంది. నేను ఉండబట్టలేక, "ఏడాది నిండేదాకా నిద్రలో కప్పొద్దమ్మా" అన్నాను. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. అక్కయ్య మొహం మాడిపోయింది. ఫోను పెట్టేశాక, "మా మరిది వద్దన్నాడు, నువ్వూ వద్దంటున్నావు. మీ ఇద్దరికీ తేడా ఏమిటే?" అంది. పాయసం ముట్టుకోలేదు.

ప్రశ్న న్యాయమైనది. ఇద్దరం ఆవిడ ప్రేమగా చేయించుకుంటున్నదానికి అడ్డు చెప్పినవాళ్ళమే. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను, ఆదివారం పొద్దున్నే ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పాను. పసివాళ్ళ నిద్రలో మెత్తటి బొంతలూ దిళ్ళూ మొహంమీద పడితే తోసుకునే శక్తి వాళ్ళకి ఉండదు, ఊపిరి ఆడదు. అందుకే మొదటి ఏడాది పడకలో వదులుగా ఏ గుడ్డా ఉంచొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఇంకో సంగతి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో పిల్లల పెంపకం పుస్తకాలే బోర్లా పడుకోబెట్టమన్నాయి. నిద్రలో చనిపోయిన పిల్లల లెక్కలు తీసి చూస్తే అది తప్పని తేలింది. 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం మొదలుపెట్టారు, ఆ తరవాత అలాంటి చావులు సుమారు సగానికి తగ్గాయి. డాక్టర్లు తమ మాటని తామే కొట్టేసుకున్నారు. "నా మాటకి కారణం ఉంది, గడువు ఉంది, ఏడాది. నా మాట నమ్మక్కర్లేదు, మీ అమ్మాయి డాక్టర్ని అడుగు. మీ మరిది మాటకి గడువు ఎప్పుడో ఆయన్నే అడిగి చూడు" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. కాఫీ ఇచ్చింది, తన పని తను చేసుకుంది. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో అడిగింది, "అయితే నేలమీద పరిచి ఆడించొచ్చా?" నిక్షేపంగా. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఎదురుగా కూర్చుంటే పిల్ల మెడ నిలబెట్టడం నేర్చుకుంటుంది. "గుండీలు ఉంచుతావా?" అని ఇంకో ప్రశ్న. గుండీలు ఉంచను, ఊడితే నోట్లో పెట్టుకుంటుంది. జేబు ఉంటుంది.

ఇది రాసేనాటికి నలభైతొమ్మిదిలో ముప్పైనాలుగు ముక్కలు కలిశాయి. అరంగుళం ఎడంతో రన్నింగ్ స్టిచ్ వేస్తున్నాను, రోజుకి రెండు గంటలు, దీపాలు పెట్టాకే ఎక్కువ. మరిదిగారు ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఎంతవరకు వచ్చిందని అక్కయ్యని రెండుసార్లు అడిగాడట.

మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు బట్టల విషయంలో పదో రోజు లోపలే తేల్చెయ్యాలని తొందరపడకండి. ఎవరికైనా ఇస్తే మంచిదే, ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి. కుట్టదలిస్తే నూలువి ఏరి, వేడినీళ్ళలో ఉతికి, గుండీలు తీసెయ్యండి. బట్టలకన్నా ముందు కళ్ళ సంగతి ఇంట్లో మాట్లాడుకోండి. కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, ఎంత వయసైనా నేత్రదానం కుదురుతుంది. కార్డు మీద సంతకం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఫోను చెయ్యాలి. మా పిల్లలకి నేను చెప్పి ఉంచాను, నంబరు ఫ్రిజ్ మీద అంటించాను.