పోయిన పుస్తకము

నా చదువునకు రుసుము చెల్లింపలేక మా తండ్రిగారొకనాడు తమ పుస్తకముల పెట్టెను విజయవాడలో విక్రయించిరి. అందు శ్రీశ్రీగారి "మహాప్రస్థానము" ప్రథమ ముద్రణ ప్రతియు నుండెను. ఆ గ్రంథమునకు చలముగారు 1940లోనే "యోగ్యతాపత్రము" వ్రాసినను, అది 1950లోగాని వెలువడలేదు. ప్రచురించినవారు మన మచిలీపట్టణపు నళినీకుమారుగారు.

ఉద్యోగము దొరకిన నాటినుండి ఆ ప్రతికొఱకు లెనిన్ సెంటరులోని పాతపుస్తకముల దుకాణములలో ప్రతి శనివారము వెదకుచుంటిని. అట్టను చూచి మోసపోరాదు. ముఖపత్రము వెనుకనుండు ముద్రణ సంవత్సరమును చూడవలెను. పెక్కుమారులు తరువాతి ముద్రణములే చేతికి వచ్చినవి.

గత సంవత్సరము 1950 నాటి ప్రతి యొకటి దొరకెను. అంచులు చెదలు తిని యుండెను. ఆత్రముతో తొలి పుట త్రిప్పితిని. మా తండ్రిగారి సంతకము లేదు; "చిరంజీవి కుమారునకు" అని మఱియొక తండ్రి వ్రాసిన వ్రాత కలదు. నావలెనే ఆ కుమారుడును దీనికై యెక్కడనో వెదకుచుండెనేమో!

ప్రతిని కొనితెచ్చి మా తండ్రిగారి చేతిలో నుంచితిని. ఆయన ఆ వ్రాతను చదివి, కొంతసేపు మాటాడక, "నాయనా, ఇది మన సొమ్ము కాదు, అడుగ వచ్చువఱకు భద్రపఱచుము" అనిరి. అట్లే యుంచితిని. నా శనివారపు వెదకులాట మాత్రము మానలేదు.