ఫొటో వెనక ముద్ర

కిందటేడు మాఘమాసం. పెళ్లిళ్ల సీజను కదా, ఆల్బమ్‌ల పని నెత్తి మీదుంది. పొద్దున పదకొండు గంటల వేళ ఒక పెద్దావిడ చేతిసంచీతో మా స్టూడియో మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఫొటోల కొట్టు ఇదేనామ్మా? ఈ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. పూలమ్మాయి చెబితేగానీ తెలీలేదు. మీకు బోర్డు లేదేంటి?"

నా ప్రాణం చివుక్కుమంది. బోర్డు లేకపోవడమేమిటి! ఆవిడ దాటొచ్చిన గుమ్మం పైనే ఉంది. నాలుగు నెలల కిందటే పాతిక వేలు పోసి పెట్టించిన లైట్ల బోర్డు. దాని మీద ఇంకో ఎనిమిది వేలిచ్చి గీయించుకున్న లోగో.

ముందు ఆ లోగో కథ చెప్పాలి.

తణుకులో మా స్టూడియోని 1979లో నాన్నగారు పెట్టారు. పేరు మా నాయనమ్మది, 'ర'తో మొదలవుతుంది. తొలి బోర్డు రాసింది సినిమా హాళ్లకీ, ఎరువుల కొట్లకీ బోర్డులు రాసే ఒక ఆర్టిస్టు గారు. రేకుకి పసుపు రంగు వేసి, సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, ఎర్ర ఎనామిల్‌తో రాశారట. ఆ 'ర' ఒక్కటే రెండడుగులు. కుంచె ఎక్కడ ఆనించారో, ఎక్కడ ఎత్తారో తెలిసేలా ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. నాన్నగారు ఆ అక్షరాన్నే ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి రబ్బరు స్టాంపు చేయించారు. మా దగ్గర్నుంచి బయటికెళ్లే ప్రతి ఫొటో వెనకా ఊదారంగు ముద్ర పడేది.

నాన్నగారికి చెయ్యి వణకడం మొదలయ్యాక కెమెరా నేను పట్టుకున్నాను. పదకొండేళ్లయింది. 'ఆడపిల్లేంటి, పెళ్లిళ్లలో కెమెరా పట్టుకు తిరగడమేంటి' అన్నవాళ్లే ఇప్పుడు పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి నన్నే రమ్మంటున్నారు. అది వేరే కథ లెండి. ఆర్డర్లు రాజమండ్రి, హైదరాబాద్ దాకా పాకాయి. రేకు బోర్డేమో తుప్పు పట్టింది. "అక్కా, మనకో లోగో ఉండాలి" అని కుర్రాళ్లు పోరు పెట్టారు. నాకూ సరదా వేసింది.

ఒక డిజైన్ కంపెనీకి ఇచ్చాం. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: "కెమెరా కావాలా మేడమ్, లెన్స్ కావాలా?" రెండూ కావాలన్నాను. పాపం, వాళ్లనేం అనగలను, అత్యాశ నాది. చివరికి వచ్చిందేమిటంటే, నాయనమ్మ పేరు ఇంగ్లిషులో, మల్లెతీగలా మెలికలు తిరిగే అక్షరాల్లో. మొదటి అక్షరం పొట్టలో లెన్స్. లెన్స్‌లో ఆరు రెక్కల అపర్చర్. పైన వాలిన సీతాకోకచిలుక. వెనకంతా నలుపు, బొమ్మంతా బంగారు రంగు. కంప్యూటర్ తెర మీద చూస్తే కళ్లు చెదిరాయి. నాన్నగారికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి "బావుందమ్మా" అన్నారు. నా కూరలో ఉప్పెక్కువైనప్పుడు కూడా ఆయన సరిగ్గా ఇలాగే అంటారు. నేను పట్టించుకోలేదు.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. కుర్రాళ్ల టీషర్టుల మీద కుట్టిస్తే సీతాకోకచిలుక ఈగ అయింది. రసీదు పుస్తకాన్ని ఒకే రంగులో అచ్చేయిస్తే బంగారం కాస్తా మసైంది. ఆ మెరుపంతా ఒక రంగు ఇంకో రంగులోకి జారిపోయే మాయ. స్టాంపులో, జిరాక్సులో ఆ మాయ చెల్లదు. వాట్సాప్‌లో బొమ్మగా పెడితే నల్లటి చుక్కలో బంగారు నూలుపోగు కనిపించింది. ఫొటో మూలన వేస్తే అర్థం కావడం లేదని సైజు పెంచాం. ఒక పెళ్లిలో అది తిన్నగా వెళ్లి పెళ్లికొడుకు మేనత్త మొహమ్మీద పడింది. ఆవిడ ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంకోటి కూడా ఆలస్యంగా గమనించాను. మా వీధిలో లెన్స్ బొమ్మ ఉన్న బోర్డులు మాది కాక ఇంకో మూడున్నాయి. ఊళ్లో తాపీమేస్త్రీలందరూ తాపీ బొమ్మే పెట్టుకుంటే ఏ మేస్త్రీ ఎవరో ఎలా తెలుస్తుంది?

సరే, పెద్దావిడ దగ్గరికొద్దాం. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి గుడ్డ మడత, అందులోంచి ఒక నలుపు తెలుపు ఫొటో తీసింది. 1984లో దిగిందట. కోటు వేసుకున్న మనిషి. ఆ కోటు మా స్టూడియోదే, ఊళ్లో సగం మంది అందులోనే ఫొటో దిగారు. వానకి తడిసి పైపొర ఊడిపోయింది. మొహం సగం లేదు.

"మా ఆయనమ్మా. వచ్చే నెల సంవత్సరీకం. కెమెరా అంటే పారిపోయే మనిషి. ఉన్నది ఈ ఒక్క ఫొటోనే" అంది. ఫొటో తిప్పింది. వెనక ఊదారంగు ముద్ర. గుండ్రటి 'ర', కింద పేరు, ఊరు, దాని కింద 'నెం.' అని చుక్కల గీత. గీత మీద నాన్నగారి దస్తూరీలో 4127.

"నాకు చదువు రాదమ్మా. ఈ గుండ్రటి గుర్తు ఆ రోజు మీ బోర్డు మీద చూసిన జ్ఞాపకం. అదే వెతుక్కుంటూ వచ్చాను. ఎక్కడా లేదు."

నేనేం మాట్లాడలేదు. మేడ మీదున్న నాన్నగారికి ఫోన్ చేసి నంబరు చెప్పాను. గోడ పట్టుకుని ఆయనే దిగొచ్చారు. వెనక గదిలో బిస్కెట్ డబ్బాలు, వాటిలో బటర్ పేపర్ కవర్లలో నెగెటివ్‌లు. నలభై నిమిషాలు పట్టింది. దొరికింది. రెండున్నర అంగుళాల వెడల్పు ఫిల్ము, ఒక్క గీత పడలేదు. స్కాన్ చేసి తెర మీద పెట్టాను. మొహం మొత్తం వచ్చింది. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, తెర మీద చెవి పక్కన వేలు పెట్టి "పుట్టుమచ్చ... ఉంది" అంది. ఆ తర్వాత నాన్నగారూ ఆవిడా ఎనభై ఆరు గోదావరి వరదల గురించి మాట్లాడుకున్నారు. నేను ప్రింటు తీసే నెపంతో లోపలికెళ్లాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు స్టూడియోకి గుర్తు ఎందుకు పుట్టిందా అని వెతికితే తెలిసింది. 1854లో పారిస్‌లో డిస్డెరీ అనే ఆయన విజిటింగ్ కార్డంత ఫొటోలకు పేటెంటు తీసుకున్నాడు. అవి ప్రపంచమంతా పాకాక, అట్టల వెనక స్టూడియో పేరూ చిరునామా అచ్చేయడం అలవాటైంది. నెగెటివ్ మా దగ్గర భద్రం, ఎప్పుడొచ్చినా కాపీలిస్తాం అని కూడా చాలామంది వేసేవాళ్లు. అంటే నాన్నగారి స్టాంపు చెప్పిందీ అదే.

పెద్ద పెద్ద కంపెనీలూ నాలాగే తప్పటడుగులు వేశాయని తెలిసి కాస్త ఊరట కలిగింది. 1888లో 'కొడాక్' అన్న మాటను ఈస్ట్‌మన్ ఎక్కడా లేనిదాన్ని పుట్టించాడు, 'కె' అక్షరమంటే ఇష్టమని. ఆ కంపెనీ డెబ్భైల నాటి పసుపు ఎరుపు 'కె' గుర్తును 2006లో పక్కన పెట్టింది. పదేళ్లు తిరిగాక 2016లో మళ్లీ తెచ్చుకుంది. అదే ఏడాది ఇన్‌స్టాగ్రామ్ తన ముద్దొచ్చే పాత కెమెరా బొమ్మని చెరిపేసి నాలుగు గీతలు మిగుల్చుకుంది. చిన్న తెర మీద నిలబడేవి ఆ గీతలే.

రెండోసారి పని మా వీధి చివరి డీటీపీ సెంటర్ అమ్మాయికిచ్చాను. ఒక్కటే షరతు: "ముందు నలుపులో చూపించు. రంగు ఆఖర్న." పాత స్టాంపు ముద్రను స్కాన్ చేసి అక్షరం చుట్టూ గీసింది. మొదటి నమూనాలో గుండ్రాన్ని కంపాస్‌తో గీసినంత సమంగా చేసింది. చక్కగానే ఉంది కానీ ప్రాణం లేదు. ఆర్టిస్టు గారి కుంచె వాలు మళ్లీ తెప్పించాం. బాపు గారి అక్షరాలు నచ్చడానికి కారణం కూడా అదే అనుకుంటా, రాసిన చెయ్యి కనిపిస్తుంది. వేలిగోరంత సైజులో ప్రింటు తీశాం. జిరాక్సుకి జిరాక్సు తీశాం. ఫొటో మూలన పెట్టాం, మేనత్తలెవరికీ అడ్డం రాలేదు.

హైదరాబాద్ కస్టమర్ల కోసం కింద ఇంగ్లిషులో పేరు పెట్టాం, తిన్నటి అక్షరాల్లో. డాలస్‌లో ఉండే మా అన్నయ్య కొడుక్కి తెలుగు చదవడం రాదు. పంపిస్తే "అత్తా, సున్నా మీద టిక్కు మార్కు పెట్టారేంటి? ఫొటో పాసైందనా?" అన్నాడు. గుర్తుండిపోయిందిగా, చాలు.

బోర్డుకి కూడా ఒక లెక్కుందని ఈసారి తెలిసింది. పది అడుగుల దూరానికి కనీసం అంగుళం ఎత్తు అక్షరం ఉండాలి. మా రోడ్డు అవతలి గట్టు నుంచి అరవై అడుగులు. పాత లోగోలో తీగ అక్షరాలు నాలుగంగుళాలు లేవు. ఇప్పుడు 'ర' మళ్లీ రెండడుగులు, పసుపు మీద ఎరుపు. ట్రేడ్‌మార్కుకి కూడా దరఖాస్తు పెట్టాను. నాలాంటి చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

అంతా అయ్యాక కొత్త స్టాంపు నమూనా నాన్నగారి ముందు పెట్టాను. ఈసారి "బావుందమ్మా" అనలేదు. కాగితాన్ని దగ్గరికి తీసుకుని "నంబరు రాసుకోడానికి జాగా ఏదీ?" అన్నారు.

"ఇప్పుడు నెగెటివ్‌లు ఎక్కడున్నాయి నాన్నగారూ? అన్నీ హార్డ్ డిస్కుల్లోనే కదా."

"మరి నలభై ఏళ్లకి ఎవరైనా వెతుక్కుంటూ వస్తే డిస్కులో దేన్ని చూసి తీస్తావు?"

పేరు కింద 'నెం.' పెట్టించాను, పక్కన చుక్కల గీత. ఇప్పుడు ఆల్బమ్ ఆఖరి పేజీ వెనక ముద్ర వేసి నంబరు రాస్తున్నాం. డిస్కులో ఫోల్డరుకీ అదే నంబరు, రెండు డిస్కుల్లో రెండు కాపీలు. ఒకటి నుంచి మొదలుపెడదామనుకున్నాను. నాన్నగారు బీరువాలోంచి పాత రిజిస్టరు తీయించి, చివరి పేజీలో తన చేత్తో రాసిన ఆఖరి అంకె మీద వేలుంచారు. 31,866.

"ఇక్కణ్నుంచి వెయ్యి" అన్నారు.