తోటివాళ్లే జ్యూరీ

టెక్సస్‌లో చాలా ఊళ్ల మున్సిపల్ కోర్టుల్లో పగటి కేసులన్నీ అయిపోయాక, కొన్ని సాయంత్రాలు అదే హాల్లో మరో కోర్టు మొదలవుతుంది. ప్రాసిక్యూషన్ తరఫున లేచి మాట్లాడేది హైస్కూలు అమ్మాయి. తప్పు చేసిన కుర్రాడి తరఫున వాదించేది ఇంకో స్కూలు పిల్లవాడు. పేర్లు పిలిచేవాళ్లు, జ్యూరీ కుర్చీల్లో కూర్చునేవాళ్లు అందరూ ఆ ఈడువాళ్లే. గౌను వేసుకుని పైన కూర్చున్న జడ్జి ఒక్కరే పెద్దవారు. దీన్నే టీన్ కోర్టు అంటారు.

డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఈ మాట రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. కాలేజీ అప్లికేషన్ కోసం వాలంటీర్ అవర్స్ వెతుక్కునేటప్పుడు ఒకటి, పిల్లలకు పోలీసు టికెట్ వచ్చినప్పుడు రెండోది. మొదటిదాన్ని పదిమందికీ చెప్పుకుంటారు. రెండోది వచ్చిన రోజున ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. పరువు, వీసా, కాలేజీ సీటు అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి.

ఉదాహరణకు పదిహేడేళ్ల పిల్లాడు షాపులో నలభై డాలర్ల ఇయర్‌ఫోన్లు జేబులో వేసుకుని దొరికిపోయాడనుకుందాం. టెక్సస్ నేర చట్టం దృష్టిలో పదిహేడేళ్లవాడు పెద్దవాడే. వంద డాలర్లకు లోపు దొంగతనం ‘క్లాస్ సి’ నేరం. జైలు ఉండదు, జరిమానా 500 డాలర్లు దాటదు. ఇది వినగానే చాలామంది తల్లిదండ్రులకు తోచేది ఒకటే: డబ్బు కట్టేసి గుట్టుగా వదిలించుకుందాం. కానీ ఆ రాష్ట్రంలో జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టే లెక్క. దొంగతనం అన్న మాట పిల్లాడి రికార్డులో ఉండిపోతుంది.

టీన్ కోర్టు ఇక్కడ ఇంకో దారి చూపిస్తుంది. హైస్కూల్లో చదువుతున్న పిల్లలు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని అసలు జడ్జి ముందుకు వెళ్లి, తప్పు ఒప్పుకుని లేదా అభియోగాన్ని ఎదిరించనని చెప్పి, టీన్ కోర్టుకు పంపమని అడగవచ్చు. జడ్జికి సమ్మతమైతే 180 రోజులకు మించకుండా కేసును పక్కన పెడతారు. ఆ గడువులో తోటి పిల్లలు వేసిన శిక్ష పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. చేయకపోతే మళ్లీ మామూలు కోర్టుకే.

వీసా మీద ఉన్న కుటుంబాలు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. గ్రీన్ కార్డు దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ అందిందా అని అడుగుతారు. నేరం ఒప్పుకుని కోర్టు వేసిన శిక్షకు లోబడితే, తర్వాత కేసు కొట్టేసినా, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేర నిర్ధారణగా చూసే అవకాశం ఉంది. అందుకని జడ్జి ముందు ఏం చెప్పాలన్నది ముందే ఇమిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోవాలి.

నేరం జరిగిందా లేదా అన్నది టీన్ కోర్టు సాధారణంగా తేల్చదు. జరిగినదాన్ని సరిదిద్దుకోవడానికి ఈ పిల్లాడు ఏం చేయాలన్నదే జ్యూరీ ముందున్న ప్రశ్న. వచ్చేవి చాలావరకు చిన్న కేసులు: షాపుల్లో దొంగతనాలు, స్కూలు కొట్లాటలు, గోడల మీద రాతలు, మద్యం, టెక్సస్‌లోనైతే ట్రాఫిక్ టికెట్లు కూడా. లోపల విన్నది బయట చెప్పబోమని పిల్లలచేత ప్రమాణం చేయిస్తారు. ‘రేపు గుళ్లో నలుగురూ ఏమనుకుంటారో’ అని బెంగపడే తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట.

ఆ వయసు పిల్లల ప్రశ్నలు సూటిగా ఉంటాయి. పక్కన ఎవరున్నారు? పర్సులో డబ్బుండీ తీశావా? అమ్మకు నువ్వే చెప్పావా, పోలీసు చెబితే తెలిసిందా? ‘ఫ్రెండ్స్ తీయమన్నారు’ అన్న జవాబు పెద్దవాళ్ల దగ్గర చెల్లుతుందేమో కానీ, అదే కేఫెటేరియాలో అదే ఫ్రెండ్స్ మధ్య కూర్చునేవాళ్ల దగ్గర అంత సులువుగా చెల్లదు. తర్వాత జ్యూరీ విడిగా కూర్చుని శిక్ష నిర్ణయిస్తుంది: ఇన్ని గంటల కమ్యూనిటీ సర్వీస్, షాపువాళ్లకు క్షమాపణ లేఖ, ఒక వ్యాసం, ఒక క్లాసు, మరికొన్ని కేసుల్లో జ్యూరీ సభ్యుడిగా కూర్చోవడం. ఈ వ్యాసకర్తకు అన్నిటికన్నా నచ్చినది ఈ చివరిదే. తన తప్పుకు జవాబు చెప్పుకున్న పిల్లాడే మరొకరి కథ విని, శిక్ష గురించి ఆలోచించాల్సి వస్తుంది. నేరస్థుడన్న ముద్ర వేయకుండా బాధ్యత అప్పగించడమంటే ఇదే.

టెక్సస్‌లోనే చమురు ఊరైన ఒడెస్సాలో నటాలీ రోత్‌స్టీన్ 1983లో ప్రారంభించిన టీన్ కోర్టు తర్వాత చాలాచోట్లకు నమూనా అయింది. అంతకుముందూ అక్కడక్కడా ఇలాంటివి ఉండేవి. ఇప్పటివరకు అమెరికా అంతటా వందల సంఖ్యలో వచ్చాయి. అలాస్కాలోని యాంకరేజ్ యూత్ కోర్టుది ఇంకో పద్ధతి. 1989లో మొదలైన ఆ కోర్టులో జడ్జీలూ విద్యార్థులే, ముగ్గురు కలిసి కూర్చుంటారు. ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు న్యాయశాస్త్రం క్లాసులు విని, తమకోసం పెట్టిన ‘బార్ పరీక్ష’ పాసైతేనే అందులో చేరగలరు.

మరి ఫలితం ఉందా? అర్బన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు నాలుగు రాష్ట్రాల్లోని టీన్ కోర్టులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చారు. ఆరు నెలల్లోపు మళ్లీ తప్పు చేసి దొరికినవాళ్లు అలాస్కాలో టీన్ కోర్టు పిల్లల్లో 6 శాతం, మామూలు పద్ధతిలో వెళ్లినవాళ్లలో 23 శాతం. మిస్సోరిలో 9కి 28. అరిజోనాలో 9కి 15. మేరీల్యాండ్‌లో లెక్క తిరగబడింది: టీన్ కోర్టుది 8, పోలీసులే నడిపిన మరో కార్యక్రమంది 4. చివరి రెండు రాష్ట్రాల తేడాలు గణాంకపరంగా నిలిచేంత పెద్దవి కావు. పిల్లలను లాటరీ వేసి రెండు గుంపులుగా విడదీసిన అధ్యయనం కూడా కాదది. అయినా అలాస్కా, మిస్సోరి అంకెలను తేలిగ్గా తీసేయలేం. ఆ రెండు చోట్లా జడ్జి స్థానంలో కూర్చున్నది కూడా పిల్లలే.

ఆంధ్ర, తెలంగాణల్లో పెరిగి వచ్చిన తల్లిదండ్రులకు జ్యూరీ కొత్త. 1959 నాటి నానావతి హత్య కేసు తర్వాత భారతదేశంలో జ్యూరీ విచారణలు క్రమంగా కనుమరుగయ్యాయి. అక్కడ 2015 చట్టం ప్రకారం బాలల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి ఉత్తర్వులు ఆ బోర్డు కూడా ఇవ్వగలదు కానీ, తోటి పిల్లలకు అందులో చోటు లేదు. ఇక అమెరికాలో జ్యూరీలో కూర్చోవాలంటే పౌరసత్వం ఉండాలి, కాబట్టి హెచ్-1బి తండ్రికి ఆ పిలుపు రాదు. హెచ్-4 మీద ఉన్న కూతురు మాత్రం, హైస్కూలు విద్యార్థి అయితే చాలనే ఊళ్లలో, టీన్ కోర్టు జ్యూరీలో కూర్చుని శిక్ష నిర్ణయించగలదు.

ఉగాదికి కూచిపూడి పోటీలు, వేసవిలో శాట్ కోచింగ్ శ్రద్ధగా నడిపే తెలుగు సంఘాలు టీన్ కోర్టు గురించి చెప్పడానికీ ఏడాదికి ఒక మధ్యాహ్నం కేటాయించవచ్చు. ఒక క్రిమినల్ లాయరు, ఒక ఇమిగ్రేషన్ లాయరు, టీన్ కోర్టులో వాదించిన ఇద్దరు పిల్లలు వస్తే చాలు. టికెట్ చేతికి రాకముందే కోర్టు దారి తెలిసిన ఇంట్లో, పిల్లాడు జరిగింది దాచకుండా చెప్పే అవకాశం ఎక్కువ.