సదరు ఫైలు తెరువబడినది

మా నాయిన దస్తావేజు లేఖరి. రామన్నపేటలో ముప్పై ఏళ్లకు పైగా క్రయ దస్తావేజులు, పంపకాలు, కుదువ కాగితాలు రాశాడు. మొదట్లో చేత్తోనే. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. తర్వాత టైపు మిషను వచ్చింది. 1998లో ‘కార్డ్’ పేరుతో ఉమ్మడి రాష్ట్రం రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక నాయిన కూడా ఓ డీటీపీ సెంటర్లో కూర్చుని తెలుగు కొట్టడం నేర్చుకున్నాడు. ‘అక్షరం తప్పితే హద్దు తప్పుతది’ అని మాకు చిన్నప్పుడు చెప్పేవాడు. మా కాపీ పుస్తకాలు దిద్దేటప్పుడు కూడా అదే మాట.

2020లో ధరణి వచ్చి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసులకు మారాయి. నాయిన పని సగానికి పడిపోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చేనాటికి ఆయన కుర్చీ ఎప్పుడో ఖాళీ చేశాడు. కారణం పని తగ్గడం కాదు, కన్ను. నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవడమే.

ఇంట్లో కూర్చున్నాక నాయినకు ఒక పని మీద మనసు పడింది. ఇన్నేళ్లూ తాను దస్తావేజుల్లో రాసిన చెలకల పేర్లన్నీ ఊరూరికీ రాసి పెట్టాలని. సర్వే నంబరు కాగితంలో ఉంటుంది. పేరు మనిషి నోట్లోనే ఉంటుంది. తుమ్మల చెలక, రాళ్లగడ్డ, మోటబావి మడి... ఆ పేర్లు చెప్పే ముసలివాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. తరి ఏది, కుష్కి ఏది, 1954-55 కాస్రా పహాణీలో ఎట్లా ఉంది, ఇప్పుడు ఎట్లా అంటున్నారు, అంతా ఆయన తలకాయలో ఉంది. నోటుబుక్కులో రాయబోతే గీత మీద గీత ఎక్కుతోంది. పాత లాప్‌టాప్ ఇచ్చాను. తెల్లటి తెర చూసి కళ్లు మూసుకున్నాడు.

‘‘సున్నం కొట్టిన గోడను ఎండల చూసినట్టున్నది బిడ్డా’’ అన్నాడు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. నా పనంతా ఈమాక్స్ అనే ఎడిటర్లోనే. ఎడిటరంటే పత్రిక ఎడిటరు కాదు లెండి, అక్షరాలు కొట్టుకునే ప్రోగ్రాము. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటికి తెచ్చిన గ్నూ ఈమాక్స్‌ను ఇవాళ్టికీ వాడేవాళ్లున్నారు. దాని సుగుణం ఒక్కటే చెబుతాను. దాంట్లో ప్రతిదీ మార్చుకోవచ్చు. రంగు, అక్షరం, వరుసల మధ్య ఎడం, పైన మెనూ, పక్కన స్క్రోల్‌బారు... మనకేం కావాలో ఒక చిన్న ఫైల్లో రాసి పెడితే తెరిచిన ప్రతిసారీ అది చదువుకుని ఆ ప్రకారం తయారవుతుంది. మొత్తం బ్రాకెట్లే. తెరిచిన ప్రతి బ్రాకెట్టునూ మూయాలి. ఆ ఫైలు మీద నేను పన్నెండేళ్లుగా ఆదివారాలు తగలేశాను. మా ఆయన దాన్ని నా సవతి అంటాడు.

సంక్రాంతి సెలవుల్లో నాయిన కోసం ఇంకో ఫైలు మొదలుపెట్టాను. ముందు రంగులు. తెర మీది రంగును అంకెల్లో చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి ఎంత పాలో రాస్తే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు వస్తాయి. అన్ని రంగుల్లో ఒకటి ఏరడం మాటలా? ఆ సమయానికి సిరిపురం నుంచి నాయిన స్నేహితుడొచ్చాడు. పట్టు నేసిన మనిషి. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి చిటికి కట్టి నూలుకు రంగులద్దిన చేతులు. నా తెర మీద నలుపులో తెలుపు చూసి, ‘‘తెలుపు గుచ్చుతది. పసుపు నిలుస్తది. నలుపు గూడ అచ్చం నలుపొద్దు, జర బూడిద కలుపు’’ అన్నాడు. కలిపాను. వెబ్‌సైట్లకు ప్రమాణాలు పెట్టే సంస్థ లెక్కలో అక్షరానికీ వెనక రంగుకూ వెలుగు తేడా ఏడుకు ఒకటి ఉంటే చూపు తగ్గినవాళ్లకూ బాగానే ఉన్నట్టు. లెక్క కట్టి చూస్తే మామయ్య చెప్పింది దానికి ఎంతో పైన ఉంది.

తర్వాత అక్షరం. ఇక్కడే అసలు తిప్పలు. నాయిన డీటీపీలో దాచుకున్న పాత ఫైళ్లు తెరిస్తే అడ్డదిడ్డంగా ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు వచ్చాయి. అప్పటి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఆ ఫాంటు లేకపోతే తెలుగే లేదు. యూనికోడ్‌లో 1991 నుంచి తెలుగుకు సొంత స్థానాలున్నాయి. ఏ ఫాంటు పెట్టినా అక్షరం అక్షరమే. ఈమాక్స్‌కు మాత్రం వొత్తులు, గుణింతాలు కుదురుగా పేర్చే హార్ఫ్‌బజ్ 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి మామూలైంది. అంతకుముందు నాకు తెలుగు రాయాలంటే విసుగే.

ఫాంట్లు ఒక్కోటీ పెట్టి చూపించాను. కంటి డాక్టరు దగ్గర బోర్డు ఉంటుందే, అలా మన భాషలో పోలిక గల అక్షరాలు ఒక వరుసలో కొట్టాను. ద ధ థ, బ భ, ప ఫ ష, మ య, కి కీ. నాయిన ముందుకు వంగి చదివాడు. పోతన అందంగా ఉందన్నాడు, గీత సన్నం. రామభద్ర లావు బాగుంది, లోపలి చుక్క పూడిపోతోంది. సురవరం అనే ఫాంటు పేరు వినగానే ‘‘ప్రతాపరెడ్డి గారి పేరా? గోల్కొండ పత్రిక ఆయన?’’ అని మురిసిపోయాడు. మా పక్క పాలమూరు మనిషి పేరు అక్షరానికి పెట్టారని అరగంట అదే కబురు. పేరు నచ్చింది, కన్ను ఒప్పుకోలేదు. చివరికి నోటో సాన్స్ తెలుగులో కొంచెం మందమున్నది నిలబడింది. థ లోపల చుక్క, ధ కింద గీత రెండూ విడివిడిగా దొరికాయి.

సైజు దగ్గర నేను బోర్లా పడ్డాను. చూపు తగ్గిందంటే అక్షరం పెద్దది చేయాలని ఎవరైనా అనుకుంటారు. నేనూ అదే అనుకుని నలభై పాయింట్లు పెట్టాను. ఈమాక్స్‌లో దాన్ని నాలుగొందలని రాయాలి. నాయిన కాసేపు చూసి, ‘‘అక్షరం కనవడ్తున్నది బిడ్డా, మాట కనవడ్తలేదు’’ అన్నాడు.

నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. గ్లకోమాలో పక్క చూపు ముందు పోతుంది. నాయిన కిటికీ సందులోంచి లోకాన్ని చూస్తున్నట్టే. అక్షరం ఎంత పెద్దదైతే ఆ సందులో అన్ని తక్కువ అక్షరాలు పడతాయి. ‘సర్వే’ కనపడేసరికి ‘నంబరు’ పక్కకు పోతుంది. తగ్గిస్తూ తగ్గిస్తూ ఇరవై నాలుగు దగ్గర ఆగాం. రెండు పక్కలా ఖాళీ వదిలి వరుసను నాలుగైదు మాటలకు కుదించాను. వొత్తులు కింది వరుసను తాకకుండా ఎడం పెంచాను. కర్సరు దొరక్క వెతుక్కుంటున్నాడని దాన్ని ఇటుకంత చేసి, మిణుకుమిణుకు మానిపించాను. మెనూలు, బొమ్మలు అన్నీ తీసేశాను. వరుసల నంబర్లు కూడా తీయబోతే మాత్రం చెయ్యి పట్టుకున్నాడు. ‘‘అది ఉండని. యాడ ఆపిన్నో గుర్తుంటది.’’ సర్వే నంబర్లు నారింజ రంగులో మెరిసేలా చేశాను. ఆ రోజు రాత్రి పదకొండు దాకా కొట్టాడు. మీటల పలకలో అచ్చులు ఎడమ, హల్లులు కుడి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకోవడానికి ఆయనకు మూడు వారాలు సరిపోయింది.

మార్చిలో ఒక ఆదివారం వెళ్లాను. సాయంత్రం రైలుకు టైమవుతోంది. ఊరికే ఉండక ఫైల్లో చిన్న సవరణ చేశాను. గ్రామాల పేర్లకు ఆకుపచ్చ రంగు. సేవ్ చేసి, మూసి, స్టేషనుకు పరిగెత్తాను. ఒకసారి తెరిచి చూడలేదు. మా వృత్తిలో కొత్తగా చేరిన పిల్లలను ఆ తప్పుకే తిడుతుంటాను.

తర్వాత ఫోన్లో నాయిన పొడిపొడిగా మాట్లాడాడు. పని ఎంతవరకొచ్చిందంటే ‘‘నడుస్తది’’ అన్నాడు. రెండు వారాల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. ‘‘మీ నాయిన పెట్టె ముట్టుతలేడు. మందు సుక్కలు గూడ వద్దంటుండు. ఇంక దేనికంటుండు.’’

మర్నాడే వెళ్లాను. లాప్‌టాప్ తెరిచాను. వెనక రంగు అదే బూడిద నలుపు. అక్షరాలు మాత్రం చీమల్లా ఉన్నాయి, సన్నగా. నేను హడావుడిలో ఒక బ్రాకెట్టు మూయలేదు. ఈమాక్స్ ఆ ఫైలును పైనుంచి కిందికి చదువుతుంది. రంగులు ముందున్నాయి కాబట్టి అవి వచ్చాయి. మూయని బ్రాకెట్టు దగ్గర ఆగిపోయింది. ఫాంటు, సైజు, ఎడం దాని తర్వాత ఉన్నాయి. అవేవీ రాలేదు. మెషిన్ తనకు దొరికిన సన్నక్షరం తెచ్చిపెట్టుకుంది. తప్పు జరిగిందని కింద ఇంగ్లిషులో రాసి కూడా చూపించింది, ఆ చీమ అక్షరాల్లోనే.

తెర మొత్తం తెల్లగా మారి ఉంటే నాయిన నాకు ఫోన్ చేసేవాడు. రంగు అదే ఉండి అక్షరం మసకబారేసరికి...

‘‘కన్నే పోయిందనుకున్న బిడ్డా. మీకు జెప్పి పరేషాన్ చేసుడెందుకని.’’

ఒక్క బ్రాకెట్టు. మూసి మళ్లీ తెరిచాను. నాయిన తెర వైపు చూసి ఏమీ అనలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అమ్మను చుక్కల మందు అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

ఆ రాత్రి ఫైలు చిట్టచివర ఒక వరుస చేర్చాను. పైనున్నవన్నీ సరిగ్గా చదివితేనే ఆ వరుస దాకా వస్తుంది. వస్తే తెర మీద ఒక మాట కనిపిస్తుంది. కనపడకపోతే తప్పు ఫైలుది, కన్నుది కాదు, నాకు ఫోన్ చెయ్యి అని చెప్పాను. ఏం మాట పెట్టమంటావు అని అడిగితే నాయిన లేఖరి గొంతుతో చెప్పాడు. ‘సదరు ఫైలు సక్రమముగా తెరువబడినది.’

ఇప్పటికి పదకొండు ఊళ్లయ్యాయి. మొన్న పొద్దున ఆరింటికే ఫోన్ మోగింది. ‘‘సదరు ఫైలు తెరువబడలేదు’’ అన్నాడు. నేను కంగారుగా, కళ్లెట్లా ఉన్నాయి నాయినా అని అడిగాను.

‘‘కండ్లు మంచిగనే ఉన్నయ్. నువ్వు నీ బ్రాకెట్లు చూస్కో.’’