తాళానికి తాళం

తెలుగులో తాళమనే మాట రెండు పనులు చేస్తుంది. పాటకు వేసేది ఒకటి, తలుపుకు వేసేది ఒకటి. ఈ రెండూ ఒక్కచోట ఇంత చక్కగా కలిసిన సందర్భం కంప్యూటరు ప్రాసెసరులో తప్ప నాకు మరెక్కడా కనబడలేదు.

ప్రాసెసరు లోపల ఒక లయ ఎడతెగకుండా నడుస్తూ ఉంటుంది. మూలలయ సాధారణంగా 100 మెగాహెర్ట్జులు, అనగా సెకనుకు పది కోట్ల దెబ్బలు. దానిని ప్రాసెసరు ఒక గుణకంతో హెచ్చవేసుకొంటుంది. గుణకం 36 అయితే వేగం 3.6 గిగాహెర్ట్జులు. సంగీతం నేర్చినవారికి ఇది వింత కాదు. వర్ణాన్ని మొదటి కాలంలో పాడి, గొంతు సహకరిస్తే రెండవ కాలంలో పాడతారు కదా! కంపెనీవారు నిర్ణయించిన కాలాన్ని మించి ప్రాసెసరు చేత పాడించడమే ఓవర్‌క్లాకింగ్. నేను దీనిని ‘కాలం పెంచడం’ అంటున్నాను. ఇంతకన్న మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను.

ఇక రెండవ తాళం సంగతి. అది అర్థం కావాలంటే మా ప్రాంతపు మిరప కళ్ళం దగ్గరకు రావాలి. ఒకే చేనులో, ఒకే చెట్టున కాసిన కాయలనే ఎండబెట్టి, కూర్చుని ఏరుతారు. ఎర్రగా నిగనిగలాడేవి ఒక కుప్ప, రంగు తప్పిన తాలుకాయలు మరొక కుప్ప. రెండింటికీ ధర వేరు. సిలికాన్ పలక మీద చెక్కిన చిప్పులను కూడా ఇలాగే పరీక్షించి ఏరుతారు. ఎక్కువ వేగాన్ని తట్టుకొన్నవి పై ధరకు, తట్టుకోలేనివి, ఒక భాగం చెడినవి కింది ధరకు పోతాయి. ఇంతవరకు న్యాయమే. కాని పంట బాగా పండి తాలు తక్కువైన ఏడు, చవక సరుకు అడిగేవారు మాత్రం తగ్గరు కదా. అప్పుడు కంపెనీ మంచికాయలనే తాలు సంచిలో పోసి అమ్ముతుంది. పోసి, ‘ఇవి తాలుకాయలే, ఇంతకన్న కారం పుట్టరాదు’ అని మూతికి తాళం వేస్తుంది. కంపెనీ మంచికాయకు తాళం వేయడం తాలుకాయ ధర కోసం కాదు, మంచికాయ ధరను కాపాడుకోవడానికి.

1998లో ఇంటెల్ వారి సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసరు వచ్చింది. మూలలయ 66, గుణకం నాలుగున్నర, వేగం 300. గుణకానికి అప్పటికే తాళం పడింది. కాని మూలలయకు పడలేదు. ఔత్సాహికులు మదర్‌బోర్డు మీద 66ను 100 చేశారు. నాలుగున్నర వందలు ఎంతో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. దానికి ఎన్నో రెట్లు ధర పలికే పెంటియం 2 నడిచేది కూడా ఆ 450 వేగంతోనే. చాలా చిప్పులు ఏ బాధా లేకుండా ఆ వేగాన్ని అందుకొన్నాయి. అవి తాలుకాయలు కావని దానితోనే తేలిపోయింది.

2000లో ఎ.ఎం.డి. వారి డ్యూరాన్, అథ్లాన్ చిప్పుల కథ నాకు మరీ ఇష్టం. వాటి పింగాణీ వీపు మీద ‘ఎల్1’ అనే వరుసలో సన్నని వంతెనలు ఉండేవి. వాటిని తెంచితే గుణకానికి తాళం పడుతుంది. తెగినచోట మామూలు పెన్సిలుతో ఒక గీత గీస్తే తాళం ఊడిపోతుంది! పెన్సిలులోని గ్రాఫైటు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక గీతే వంతెన అయ్యేది. (బలపంతో గీస్తే కుదరదు సుమా, అది విద్యుద్వాహకం కాదు.) జీవితమంతా పిల్లల చేత గీతలు గీయించిన నాకు, గీత గీసి తాళం తీసిన ఆ కుర్రవాళ్ళంటే ఎనలేని ముచ్చట. మరుసటి ఏడు వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీలో వంతెన తెంచినచోట లేజరుతో చిన్న గుంట చేశారు. గుంట పూడ్చితే గాని గీత నిలవదు. పెన్సిలు పని అయిపోయింది.

తాళం పక్షాన ఒక బలమైన వాదం ఉన్నది, దానిని దాచడం ధర్మం కాదు. 1990లలో కొందరు దొంగ వ్యాపారులు తక్కువ వేగపు చిప్పుల మీది అంకెలు చెరిపి, ఎక్కువ వేగపు అంకెలు ముద్రించి అమ్మేవారు. కొన్నవాడు నిలువునా మోసపోయేవాడు. గుణకానికి తాళం వేయడంతో ఆ మోసం కష్టమైంది. వేడి మాట కూడా నిజమే. వేగం పెంచాలంటే తరచుగా వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ రెట్టింపయితే విద్యుత్ వ్యయం ఇంచుమించు నాలుగింతలవుతుంది. 2022లో ఎ.ఎం.డి. తన 5800ఎక్స్3డికి, పైన అతికించిన అదనపు కాషె ఎక్కువ వోల్టేజీకి ఓర్వదని చెప్పి తాళం వేసింది. అది ఖరీదైన చిప్పే. అటువంటి తాళానికి నేను తలవంచుతాను.

నా పేచీ 2011 నాటి తాళంతో. ఆ ఏడు వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరంలో ఇంటెల్ మూలలయను తక్కిన భాగాల లయలతో ముడివేసింది. దానిని కొద్దిగా కదిపితే అన్నీ తడబడతాయి. సెలెరాన్ నాటి దారి అలా మూసుకుపోయింది. గుణకం పూర్తిగా తెరచి ఉన్నవి పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న ఐ5, ఐ7 చిప్పులు మాత్రమే. వాటికి తగిన మదర్‌బోర్డు కూడా ఖరీదైనదే కావాలి. ఐ3కి ఆ అక్షరభిక్ష 2017 దాకా దొరకలేదు. నడుమ 2014లో పెంటియం పేరుకు ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా జి3258 అనే చవక చిప్పును తాళం లేకుండా విడుదల చేశారు. 3.2 ఉన్నదానిని జనం సులువుగా 4 దాటించారు. పండుగనాడు తలుపు తీయగలిగినవారికి మిగతా రోజుల్లో తీయడానికి అడ్డమేమిటి?

2015 డిసెంబరులో మరొక ముచ్చట జరిగింది. స్కైలేక్ తరంలో మూలలయ ముడి వదులుగా ఉన్నదని బోర్డు తయారీదారులు కనిపెట్టి, చవక చిప్పులకు కూడా కాలం పెంచే బయాస్‌లు అందించారు. లోపాలు లేకపోలేదు. చిప్పులోని గ్రాఫిక్సు ఆగిపోయేది, ఉష్ణోగ్రత సరిగా తెలిసేది కాదు. అయినా జనం తెలిసే వాడుకొన్నారు. 2016 ఫిబ్రవరి నాటికి ఇంటెల్ కొత్త మైక్రోకోడు పంపి ఆ దారి మూయించింది. కొత్త బయాస్ వేసుకొన్నవాడికి నిన్న ఉన్న వేగం నేడు లేదు. అమ్మకముందే తాళం వేయడం ఒక ఎత్తు, అమ్మిన తరువాత ఇంటికి వచ్చి తాళం వేసి పోవడం మరొక ఎత్తు. దానిని మన పెద్దలు దత్తాపహారమన్నారు.

అంతకన్న తమాషా 2010లో జరిగింది. పెంటియం జి6951 అనే చిప్పులో కొంత కాషెనూ, హైపర్‌త్రెడింగునూ మూసి ఉంచి, 50 డాలర్ల కార్డు కొని దాని మీది సంకేతం కొడితే తెరుచుకొనే ఏర్పాటు చేశారు. కొన్నవాడి ఇంట్లోనే కొన్నవాడి గదికి అద్దె! నవ్వులపాలై మరుసటి ఏడు ఆపేశారు.

ఈ గొడవ మా వేదాద్రికి ఎందుకంటారా? నా శిష్యుడొకడు జగ్గయ్యపేటలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. నరసింహస్వామి సన్నిధిలో జరిగే పెళ్ళిళ్ళ వీడియోలు చాలావరకు అతడివే. ముహూర్తాల రోజుల్లో రాత్రి కంప్యూటరుకు పని అప్పగించి పడుకొంటే తెల్లవారినా పూర్తికాదు. ఉన్నది చవక ప్రాసెసరు. వేగం పెంచుదామని సికిందరాబాదు సి.టి.సి. దాకా వెళ్ళి పెద్ద ఫ్యాను కొని తెచ్చి బిగించాడు. గుణకం కదలలేదు. “మాస్టారూ, డబ్బిచ్చి కొన్నది నేను. తాళంచెవి వాళ్ళ దగ్గర ఉండడమేమిటండీ?” అన్నాడు. వ్యాకరణంలో ఏ సందేహం అడిగినా జవాబు చెప్పినవాడిని, దీనికి వెంటనే చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించి ఇంతే చెప్పాను: “డబ్బున్నవాడు వేగాన్ని కొంటాడురా. డబ్బు లేనివాడికి ఒక రాత్రి నిద్ర, కాస్త నేర్పు, చెడితే చెడనీ అనే తెగువ, ఇవే పెట్టుబడి. ఆ పెట్టుబడి చెల్లదని చెప్పడానికే ఈ తాళం.”

ఇప్పటి ప్రాసెసర్లు తమ వేడిని తామే చూసుకొంటూ తామే కాలం పెంచుకొంటున్నాయి. చేత్తో పిండగలిగేది మునుపటంత లేదు. తాళం వేసినా పోయేది కొద్దిపాటే కదా అని కొందరంటారు. పోయేది కొద్దిపాటే అయితే ఆ కొద్దిపాటికి ఇంత కాపలా ఎందుకో మరి. 2022లో పన్నెండవ తరం చవక చిప్పులను కొన్ని బోర్డులు మళ్ళీ పరుగెత్తించాయి. అప్పుడు కూడా ఇంటెల్, ఇవి అందుకు చేసినవి కావు, పాడవుతాయి, వారంటీ పోతుందని హెచ్చరించింది.

మా శిష్యుడు చివరకు రైజెన్ వైపు మొగ్గాడు. 2017లో మొదటి రైజెన్లు వచ్చినప్పుడు ఎ.ఎం.డి. చవకవాటికి కూడా గుణకాన్ని తెరచి ఉంచింది. అయితే అన్నింటికన్న చవకైన ఎ320 బోర్డు మీద కదపనివ్వదు, బి350 మీద కదపనిస్తుంది. అక్కడా ఒక చిన్న తాళమున్నదన్న మాట, కాకపోతే చెవి అందేంత ఎత్తులో ఉన్నది. ఆ తరం చిప్పు, బోర్డు వాడినవే ఎవరివద్దనో కొన్నాడు. వెంటనే వేగం పెంచబోతే నేనే ఆపాను. మే నెల ఎండలో మా వైపు 45 డిగ్రీలు దాటుతుంది, స్టూడియోకు ఏసీ లేదు. “సరేనండీ, మార్గశిరంలో చూస్తాను, ఈలోగా పెన్సిలు చెక్కి ఉంచుతాను,” అని నవ్వాడు. పెన్సిలు కథ నేను చెప్పిందే.