పని మారిన చేయి

బండారులంక మగ్గములకు గళ్ళ కాగితముపై చీరల అంచులు గీసిన మా సంఘ యువకుడొకడు ఇప్పుడు అమలాపురములో ఫ్లెక్సీలకు అక్షరములు కూర్చుచున్నాడు. “అయ్యగారూ, నేనిక ఏ పనివాడనని చెప్పుకొందును?” అని కన్నీరు పెట్టెను.

“నాయనా, 1933లో నరసాపురమున పుట్టిన బాపుగారు బొమ్మలు గీసి పేరొందిరి. 1967లో మన పులిదిండిలో తీసిన ‘సాక్షి’ సినిమాకు దర్శకులైరి. అప్పుడును దృశ్యములను ముందు బొమ్మలుగా గీసికొనెడివారు. బెసలేలు బంగారము, రాయి, కఱ్ఱ మూడింటియందును పనివాడే గదా! పని మారినను వరము మారదు” అంటిని.

“కాని క్రొత్తపనిలో నేను పసివాడనే” అనెను. ఆ మాట నన్ను గ్రుచ్చెను. ముప్పది యేండ్లు బోధించిన నేను చిన్నవారియొద్ద నేర్చుకొన సిగ్గుపడుదును. ప్రియులారా, తెలిసినది వెంట తీసికొని పొండు. తెలియనిదానికి శిష్యులు కండు.