ఉప్పు కలిపిన మంచినీరు

చమురు బావి అనగానే భూగర్భంలో నూనె చెరువొకటి ఉన్నదని మా ఇళ్ళలో ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి అక్కడున్నది రాయి. కృష్ణా-గోదావరి ప్రాంతంలో మేము పనిచేసిన బావుల అడుగున ఇసుకరాతి పొరలున్నాయి. రేణువుల నడుమ సందులలోనే చమురు, వాయువు నిలిచి ఉంటాయి. ఇసుక గుండా నీరు పారే తీరును ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో లెక్కకట్టారు. ఆయన కొలిచినది గొట్టంలో నింపిన ఇసుక. మాకు దొరికేది బంకమన్ను కలిసిన రాయి.

ఒక బావిలో ఉత్పత్తి నెలనెలా తగ్గసాగినది. సిమెంటు వేసి మూసివేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చినది. బావిని కొంతకాలం ఆపి అడుగు పీడనం కొలువగా అది దాదాపు మునుపటివలెనే ఉన్నది. అనగా చమురు ఉన్నది, దారి లేదు.

ఆ దారిని మూసినది బయటి మట్టి కాదు. ఇసుక రేణువులను అంటిపెట్టుకొని కయొలినైట్ వంటి బంకమన్ను పలుకులుంటాయి. మైక్రాన్లలో కొలువవలసినంత చిన్నవి. పొరలోని సహజమైన ఉప్పునీటిలో అవి కదలవు. ఉప్పు తగ్గిన నీరు తగిలినా, ప్రవాహవేగం మితిమీరినా ఊడివచ్చి, సందు ఇరుకైనచోట ఒకదానికొకటి ఒరిగి అడ్డుపడతాయి. మరీ మెత్తని పొడి వేస్తే కాఫీ ఫిల్టరులో డికాక్షను దిగకపోవడం ఇల్లాళ్ళకు తెలిసినదే. వారు ఫిల్టరును తట్టి చూస్తారు. మాకా సౌకర్యం లేదు. పైగా నలుదిక్కులనుండి వచ్చే ద్రవమంతా బావి చేరువలోనే ఇరుకునపడి వేగం పుంజుకుంటుంది. చుట్టూ రెండడుగుల రాయి చెడినా చాలు, బావి చిక్కిపోతుంది.

అంతకుముందు మరమ్మతు చేసినవారు పోసినది ఉత్త మంచినీరని రికార్డులలో కనబడినది. వాల్వు ఇంకా తెరిస్తే అడ్డు కొట్టుకుపోతుందని కొందరన్నారు. మా పెద్ద ఇంజనీరు ఒప్పుకోలేదు. వేగం పెంచితే మరిన్ని పలుకులు లేస్తాయి. ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పిదప అందులో హైడ్రోఫ్లోరిక్ కలిపి పంపాము. కరిగిన సిలికా మరల పేరుకొనకుండా ఆ ద్రవాన్ని ఆలస్యం లేక వెనుకకు రప్పించాలి. ఆ రాత్రి ఎవరమూ కునుకు తీయలేదు. ఉత్పత్తి పూర్వస్థితికి రాలేదు గాని, మూసివేత మాట మరి వినబడలేదు.

నాటినుండి ఏ మరమ్మతుకైనా నీటిలో పొటాషియం క్లోరైడు కలపడం మాకు నియమమైనది. ఒక ఊరి చివర బస్తాలు విప్పుతుండగా బిందెతో వచ్చిన పెద్దాయన నిలబడిపోయాడు.

"బంగారంలాంటి నీళ్ళు బాబూ, ఉప్పు చేసేస్తున్నారేమిటి?"

"కింద రాయికి మంచినీళ్ళు పడవండీ" అన్నాము.

ఆయన మమ్మల్నీ బస్తానూ మార్చి మార్చి చూసి, ముందు తన బిందె నింపమన్నాడు.